ప్రొద్దు గ్రుంకిన తరువాత బొంతకుట్టు

బొంత లేని ఇల్లు మా తుమ్మలపల్లె ప్రాంతమున ఒక తరము క్రిందట వెదకినను దొరకెడిది కాదు. కడప జిల్లాలో, పులివెందులకు చేరువగా, వేముల మండలములో ఉన్న ఈ ఊరి నేల ఎట్టిదో రాయలసీమను ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవి మధ్యాహ్నమున గోడనీడ కూడ వేడిగనే యుండును. అయినను మార్గశిర పుష్యమాసముల తెల్లవారుజామున ఆరుబయట పండుకొన్నవారికి నులకమంచపు సందులనుండి చలి పైకి ప్రాకును. మీద ఎన్ని కప్పుకొన్నను, క్రింద బొంత లేనిదే ఆ చలి ఆగదు. బాలింతకు బొంత కావలెను. పసిబిడ్డకు బొంత కావలెను. ఎద్దుల బండిమీద దూరము పోవు దినములలో బండిలో పరచుటకును బొంతయే. ఈడుజోడు కుదిరిన దంపతులను చూచి "గంతకు తగ్గ బొంత" అని నవ్వుకొనుట మనకు వాడుక. సంస్కృతమున దీనిని కంథ యందురు. సన్న్యాసులకు అది వస్త్రము, మాకు పడక.

బొంత కుట్టు విధానమును నేడు మేము చెప్పబోవుట లేదు. అది మన శ్రోతలలో పలువురకు మాకంటె బాగుగనే తెలిసియుండును. పాత చీరలు, పంచెలు ఉతికి ఆరబెట్టి, చిరుగులున్న వానిని లోపొరలుగను, గట్టిగా నున్న చీరను పైపొరగను పరచి, అంచులు మడిచి, పెద్ద సూదితో వరుస వెంట వరుసగా కుట్టుకొని పోవుటయే ఆ విద్య. కష్టమైన చోటు వేరే యున్నది. తెల్లవారకముందే లేచి, ఇంటిపని ముగించి, చేనికో తోటకో పోయి, సందెవేళకు తిరిగివచ్చి, మరల పొయ్యి ముట్టించిన ఇల్లాలికి, అందరును తిని పండుకొన్న పిమ్మట సూది పట్టు ఓపిక ఎచ్చటినుండి రావలెను? అటకమీదనో ట్రంకుపెట్టెలోనో సగము కుట్టిన బొంత మడత పెట్టియున్న ఇండ్లు ఎన్నియో కలవు. ఆ మడత కంటబడినప్పుడెల్ల "నా సోమరితనమే" యని తమ్ము తాము నిందించుకొను వారు మాలో చాలమంది. ఆ నింద న్యాయమైనది కాదని మా అభిప్రాయము.

పూర్వము బొంతకు ఒక కాలముండెడిది. జూన్ జూలై వానలకు విత్తిన వేరుసెనగను, మా మాటలో సెనక్కాయను, అక్టోబరు నవంబరులలో పెరుకుదుము. ఆ దినములలో ఎవ్వరును సూది ముట్టరు. గట్టిపడిన నేలనుండి చెట్టు లాగి, కాయ కోసి, దినమంతయు గడపిన వ్రేళ్ల కొసలు పగిలి మండుచుండును. వానికి సూది పట్టు చిక్కదు. దారము రాచుకొన్నను నొప్పియే. పంట ఇల్లు చేరి, విత్తనపు కాయ వలచు పనియు తీరిన తరువాత, వేసవిలో చేనిపని సన్నగిల్లెడిది. అప్పుడు వేపచెట్టు నీడలోనో వసారాలోనో నలుగురు చేరి బొంత పరచుకొనెడివారు. అది పగటి పని. అనంతపురము జిల్లా బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము ఆరంభమైన తరువాత ఆ వేసవియు గడ్డపారకును గంపకును పోయినది. పోయినదని మేము చింతించుట లేదు. మండుటెండల నెలలలో ఇల్లాలి చేతికి కూలి డబ్బు వచ్చుట కరువుసీమలో చిన్న మేలు కాదు. బోరుబావులు పడి చీనీ, అరటి తోటలు పెరిగిన చోట్ల ఏడాది పొడుగున కలుపో కోతయో ఉండనే యున్నది. ఈ విధముగా పగటి బొంత రాత్రి బొంత అయినది. చిక్కంతయు అచ్చటనే.

అలసట అంతయు ఒకే తీరుగా నుండదు. చేనిలో దినమంతయు నడుము వంచినవారి అలసట ఒడలిది. దానికి కావలసినది నడుము వాల్చుట. బడిలో నలుబదిమంది పిల్లలతో గొంతు చించుకొన్న ఉపాధ్యాయిని గాని, కచ్చేరిలో కాగితముల నడుమ ప్రొద్దుపుచ్చిన ఉద్యోగిని గాని ఇంటికి తెచ్చుకొను అలసట వేరు. ఒడలు కదలలేదు, మనసు నలిగినది. అట్టివారికి సూది నిజముగా విశ్రాంతినే ఇచ్చును. చేయి ఒక లయను పట్టుకొని, కన్ను కుట్టు వెంట పోవుచుండగా, పగటి మాటలు మెల్లగా వెనుకబడును. కూలికి పోయిన ఆమెకో, సూది మరియొక కూలి. కుట్టుపని మనసునకు హాయి నిచ్చునని పట్టణములలో వ్రాయువారు ఈ రెండవ స్త్రీని తలచి వ్రాసినట్లు కానరాదు. ఆమె ఇంటికి వచ్చిన వెంటనే సూదిని తలపెట్టరాదు. కాళ్లు చేతులు కడుగుకొని, ఇంత సంగటి తిని, అరగంట సేపైనను నడుము వాల్చిన పిమ్మట ఒడలు ఏమి చెప్పునో చూడవలెను. లేచుటకు మనసొప్పినచో సరియే, కానిచో ఆ రాత్రి బొంతకు సెలవు.

ఇంకొక తీరు అలసటయు ఇప్పుడు మా పల్లెలకు వచ్చినది. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో కర్మాగారము పనిచేయ నారంభించిన యురేనియము గని మా ఊరి చెంతనే యున్నది. భర్తయో కొడుకో రాత్రి షిఫ్టుకు పోవు ఇంట ఇల్లాలి నిద్రయు రెండు ముక్కలగును. ఎటులైనను మేల్కొనియే యున్నాము గదా యని అట్టివారు సూది పట్టుదురు. మేల్కొనియుండుట వేరు, ఓపికతో నుండుట వేరు. కునికిపాట్లతో కుట్టిన వరుస మరునాడు విప్పవలసి వచ్చును. సూది వ్రేలిలో దిగుట అటుండనిండు.

ఇక ఆ రాత్రి గంటను తినివేయుచున్నదేమో చూతము. 2019లో భారత ప్రభుత్వపు గణాంక శాఖవారు దేశమంతట ప్రజలు దినమును ఎట్లు గడపుచున్నారో లెక్క తీసిరి. కూలిగాని జీతముగాని లేని ఇంటిపనికి, ఆ పని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. నడుమ నున్న తేడా 202 నిమిషములు, అనగా మూడు గంటల ఇరువదిరెండు నిమిషములు. మా పల్లెలలో పురుషుల లెక్క 97 వరకు వచ్చునా యని మాకు సందేహమే. బొంతకు ఒక రాత్రి కావలసినది ముప్పాతిక గంట. మగవారు బోకులు కడిగి, పిల్లలను పండుకొనబెట్టినచో, ఆ ముప్పాతిక గంట ఆ ఇంటిలోనే దొరకును. ఇంటి పెద్దలు కోపగించుకొనకుందురుగాక. బొంతమీద పండుకొనువారిలో వారును ఉన్నారు. ఓపిక లేదని ఇల్లాలు చెప్పినప్పుడు చాలసారులు లేనిది వేళ.

నిజముగనే ఓపిక లేనప్పుడు దానికి కారణము నెత్తురులో ఉండవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత కలవారని కనుగొన్నారు. నాలుగు అడుగులు వేసిన ఆయాసము, మెట్లెక్కిన గుండెదడ, చిన్న పనికి కన్నులు బైర్లు క్రమ్ముట ఉన్నచో దానిని బద్ధకమని తేల్చక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. ఇనుపధాతువు మాత్రలు అచ్చట ఇత్తురు. అట్లే కన్ను. నలువది దాటిన తరువాత చత్వారము అందరికిని వచ్చును. సూదిలో దారమెక్కించుటకు మనుమరాలిని పిలుచు అవ్వలు తమకు కుట్టుమీద మనసు పోయినదని చెప్పుదురు. పోయినది మనసు కాదు, దగ్గరి చూపు. ఒక జత కండ్లద్దములు తెచ్చియిచ్చిన వెనుక వారు మరల బొంత పరచుట మేము చూచియున్నాము. పడుచువారికి చాలిన వెలుతురు అరువదేండ్లవారికి చాలదు. దీపము తల వెనుక గోడకు గాక, కుట్టుచేతికి ఎదురు ప్రక్కన, నీడ పడకుండ ఉండవలెను.

శ్రోతలలో కొందరు అడుగవచ్చును: ఇంత ప్రయాస ఏల? సోలాపురపు దుప్పట్లు సంతలోనే దొరకుచున్నవి, దూది పరుపులు అంగడిలో ఉన్నవి, ఊరూర తిరిగి కూలికి బొంతలు కుట్టిపెట్టు స్త్రీలును ఉన్నారు. కొనగలిగినవారు కొనవచ్చును. అందులో తప్పేమియు లేదు. పైగా నేటి చీరలలో నూలు తక్కువ. ఒంటికి జారు నైలాను, పాలియెస్టరు చీరలు ఎన్ని పొరలు వేసినను చెమట పీల్చవు. పొరమీద పొర నిలువక జారును, కుట్టు ముడుచుకొనును. మాధవరము, పుల్లంపేట మగ్గములపై నేసిన నూలుచీర ఇరువది ఏండ్లు కట్టి, వందలసారులు ఉతికిన తరువాత వచ్చు మెత్తదనము ఏ కొత్తగుడ్డకును రాదు. పసిబిడ్డ చర్మమునకు దానిని మించినది లేదు. అట్టి చీరలు ఇంటింట పెట్టెల అడుగున ఇంకను కొన్ని మిగిలియున్నవి. అవి అమ్మవో, అత్తవో. వానిని పారవేయ మనసు రాదు, కట్టుకొన పనికిరావు. ఎవరికొరకు కుట్టుచున్నామో తెలిసిన బొంత త్వరగా తెములుననుట మా అనుభవము. "ఇంటికి ఒక బొంత ఉండవలె గదా" యని మొదలిడినది అటక చేరును. మాఘమాసమున కాన్పు కానున్న కూతురికని మొదలిడినది చేతిలోనే ఉండును. రాత్రి తొమ్మిది గంటలకు ఒడలు వద్దనునప్పుడు, ఆ కూతురి ముఖమే సూదిని చేతికందించును.

అయినను ముఖములను తలచుకొన్నంత మాత్రమున వరుసలు పడవు. పని అమరిక కావలెను. రాత్రి దీపము క్రింద చేయదగనివి మూడున్నవి: గుడ్డలు చింపి కొలతకు తెచ్చుట, పొరలు పరచుట, సూదులలో దారమెక్కించుట. ఇవి పగటి వెలుగున, సెలవు దొరకిన ఒక పూట, ఇద్దరు చేరి ముగింపవలెను. పొరలు పరచిన వెంటనే జానెడు జానెడు ఎడముగా పెద్ద పెద్ద కుట్లు వేసి పట్టించినచో మడతపెట్టినను అవి కదలవు. ఇది చేయక మానినవారు ప్రతి రాత్రియు పొరలు సరిదిద్దుటకే సగము ఓపికను పోగొట్టుకొందురు. అయిదారు సూదులలో దారమెక్కించి, దారమునకు ఇంత మైనము రాచి, ఒక గుడ్డపేలికకు గ్రుచ్చి యుంచుకొన్నచో రాత్రి కంటికి శ్రమ యుండదు.

కూర్చుండు తీరును గూర్చి ఒక మాట. బొంతను నేలమీద పరచి, దానిపై వంగి కుట్టుట మనకు తరతరముల అలవాటు. పగలంతయు వంగి కలుపు తీసినవారిని రాత్రి మరల వంగుమనుట శిక్షయే. బొంతను మంచముమీద అడ్డముగా వేసి, కుట్టవలసిన భాగము మాత్రము అంచునకు వచ్చునట్లు తక్కినదానిని చుట్టి, మంచము ప్రక్కన పీటమీద కూర్చున్నచో నడుము నిలువుగా నుండును. ఎదురుప్రక్క ఇంకొకరు కూర్చుండవచ్చును. ఈ చిన్న మార్పు చేసిన ఇండ్లలో బొంతలు ముగియుచున్నవి. ఎంత ఉపదేశమైనను నడుమునొప్పి ముందు నిలువదు గదా.

ఇంకొకటి. రాత్రి లేచునప్పుడు వరుస పూర్తిచేసి లేవరాదు. చివరి జానెడు మిగిల్చి, సూదిని పొరలలోనికి లోతుగా గ్రుచ్చి, పిల్లల చేతికందకుండ బొంతను చుట్టిపెట్టవలెను. మరునాడు కొత్త వరుస మొదలిడవలెనన్నచో మనసు వెనుదీయును. మిగిలిన జానెడు కుట్టిపోదమన్నచో వెనుదీయదు. ఆ జానెడు ముగియునప్పటికి చేయి వేడెక్కి, వరుస ఒకటి దానంతట అదే మొదలగును. ఎప్పుడైన ఆ జానెడుతోనే నిలుపవలసి వచ్చినను నష్టము లేదు.

మన పొరుగున కర్ణాటకములోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది జాతి స్త్రీలు కవంది యను బొంతలు కుట్టుదురు. వారి పూర్వులు ఆఫ్రికానుండి వచ్చినవారు. మనము ఈ కొసనుండి ఆ కొసకు తిన్నని వరుసలు వేయుదుము. వారు అంచున మొదలిడి చుట్టును కుట్టుచు నడుమకు చేరుదురు. మూలలందు చిన్న గుడ్డలను మడిచి పూవులుగా పెట్టుదురు. ఆ పద్ధతిలో అలసినవారికి ఒక మేలున్నది. మొదటి చుట్టు అన్నిటికంటె పెద్దది, తరువాతి దంతకంతకు చిన్నది. తిన్నని వరుసలలో నేటి శ్రమయు నెల తరువాతి శ్రమయు ఒక్కటే. చుట్టుకుట్టులో పని దినదినమును తరుగుచు వచ్చును. మన ఇండ్లలోను కొందరు ఈ విధముగనే కుట్టుదురు. చేయి అలవాటు లేనివారు ఒక పసిబిడ్డ బొంతపై దీనిని చేసి చూడవచ్చును.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున ఒక నది వంపులో గీస్ బెండ్ అను పల్లె కలదు. అచ్చటి నల్లజాతి స్త్రీల పూర్వులు ప్రత్తిచేలలో బానిసలుగా పనిచేసినవారు. తరువాతి తరములును ఆ చేలలోనే కష్టపడినవి. చినిగిన పనిబట్టలు, మోకాళ్లు అరిగిన లాగులు, పిండిసంచులు చేర్చి వారు కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ కళాప్రదర్శనశాలలోను, పిమ్మట న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలలోను గోడలకెక్కినవి. 2006లో అమెరికా తపాలాశాఖవారు ఆ బొంతల బొమ్మలతో తపాలాబిళ్లలు వేసిరి. ఆ కీర్తి అటుండ, వారు పని పంచుకొన్న విధము మాకు ముఖ్యముగా తోచుచున్నది. పైపొర ముక్కలను ఎవరికి వారు తమ ఇంట, దొరకిన వేళ జతచేసికొనెడివారు. పొరలన్నియు కలిపి కుట్టు బరువైన పనికి మాత్రము ఒకరి ఇంట నేడు, ఇంకొకరి ఇంట రేపు చేరెడివారు. ఒంటరిగా కాదగినది ఏది, నలుగురు కావలసినది ఏది యని విడదీసికొనుటలో వారి తెలివి యున్నది. మన పల్లెలలో ఒకరి చేనికి ఒకరు మారుపనికి పోవు వాడుక ఉండనే యున్నది. దానిని బొంతకు వర్తింపజేయుట కష్టము కాదు. వారమునకు ఒక రాత్రి ఇద్దరు ఇరుగుపొరుగువారు ఒక మంచమునకు ఆ ప్రక్క ఈ ప్రక్క కూర్చున్నచో, ఒంటరిగా మూడు రాత్రుల పని ముగియును. నిద్ర వచ్చుచున్నదని ఒకరు లేచినచో రెండవవారికిని లేచు అనుమతి దొరకును, అదియు మేలే.

రేడియో వినువారి ఇంట ఇంకొక వసతి కలదు. టెలివిజనును, చేతి ఫోనును కన్నులు అడుగును. కన్నులిచ్చినచో చేతులు ఆగును. రేడియో చెవులతో తృప్తిపడును. ఒక నాటకమో, హరికథయో, సంగీత కచేరియో నడచునంతసేపు చేయి నడచును. కార్యక్రమము ముగిసినప్పుడు సూది నిలుచును. గడియారము చూచి లేచుటకంటె ఇట్లు లేచుట సుఖము. ఒక రాత్రి ఒక కార్యక్రమము, దానితో రెండు వరుసలు. మూడవ వరుసకు ఆశపడిన రాత్రియే మరునాటి ఓపికను తినివేయును.

లెక్క వేసి చూతము. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంతకు అంగుళమునకు ఒక వరుస చొప్పున 48 వరుసలు. సూదిపై నాలుగైదు కుట్లు ఒకేసారి ఎక్కించి లాగు చేతికి ఒక్కొక్క వరుస సుమారు ఇరువది నిమిషముల పని. రాత్రికి రెండు వరుసలైన 24 రాత్రులు. సెనక్కాయ పని తీరి, వ్రేళ్ల పగుళ్లు మానిన తరువాత, కార్తిక పున్నమినాడు మొదలిడినచో సంక్రాంతికి ఎంత తక్కువైనను నలువది రాత్రులుండును. అందులో 24 బొంతవి. తక్కిన పదునారు రాత్రులు జ్వరమునకు, చుట్టముల రాకకు, కరెంటు పోవుటకు, ఏ కారణమును లేక పండుకొనుటకు. ఆ పదునారింటిని ముందే లెక్కలో వేసికొన్నవారికి ఒక రాత్రి తప్పిపోయినదను బాధ యుండదు. చివరి వరుసను మాత్రము పగటి వెలుగున వేసి, ముడిని లోపొరలోనికి త్రోసి, ఒక దినమెల్ల బొంతను మంచముమీద ఎండనిచ్చినచో, పండుగకు పుట్టింటికి వచ్చు బిడ్డతల్లికి ఆ రాత్రి పడక సిద్ధము.